అయస్కాంతానికి అంటని ముక్క

"నా తమ్ముణ్ణి చంపిన చెయ్యి ఏది? బల్ల మీద పెట్టు."

పింకి రెండు చేతులూ పెట్టింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. కుడి చూపుడువేలి గోరు మొదలుదాకా కొరికేసుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. నాకేమీ జాలి కలగలేదు. జాలిపడటానికి నేను షూటింగ్ క్లబ్బుకు రాలేదు.

బీదర్‌లో జగదేవి అంటే పెళ్ళికొడుకులకు హడల్. వాళ్ళ తాగుడు, దాచిన మొదటి పెళ్ళిళ్ళు, ఇంటి నగలు ఎత్తుకుపోయిన అల్లుళ్ళు, ఇవన్నీ వాసన పట్టి బయటికి లాగడమే నా వృత్తి. నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. నిజమే, కాదనను. కానీ మొన్నటిదాకా నాది కూలి పని. మొన్న ఈ క్లబ్బులో పిస్టల్ కోచ్‌గా ఉన్న మా శివానంద్, నా ఒక్కగానొక్క తమ్ముడు, తన శిష్యురాలి పిస్టల్ పేలి గుండెలో తూటాతో పడిపోయాడు. ఆడది స్మశానానికి రాకూడదని అందరూ మొత్తుకుంటున్నా పోయి, చితి ముందు నిలబడి గట్టిగా అన్నాను: దీని వెనక ఎవరున్నా, ఎంతటివాళ్ళైనా, నా చేత్తో పోలీసు జీపు ఎక్కిస్తాను. మా మామ బాబురావు నా భుజం పట్టుకుని, "ఆ పింకినే బిడ్డా. దాన్ని ఇడిచిపెట్టకు" అన్నాడు.

ఎందుకు విడిచిపెడతాను? మామ కొడుకు సిద్దు కూడా ఇక్కడే షూటర్. ఒకరోజు తాగి క్లబ్బు పిస్టల్ ఆడించాడని ఈ పిల్లే పోయి శివానంద్‌కు చెప్పింది. వాడు సిద్దును జట్టులోంచి తీసేశాడు. ఆ రాత్రే సిద్దు ఉద్గీర్ రోడ్డు మీద బండితో సహా లారీ కిందికి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలో ఈ పిల్ల చేరింది. ఒక ఇంట్లో రెండు దీపాలు ఆర్పిన పిల్ల నా ఎదురుగా కూర్చుంటే నా పళ్ళు పటపటలాడుతున్నాయి.

"సాయంత్రం నాలుక్కు ఎస్సై నిన్ను తీస్కపోతడు. అంతకుముందు నాకు నిజం చెప్పు. ఎట్ల పేలింది?"

"సార్ ఆగు అన్నడు అక్కా. పక్క లేన్‌ల బల్బు కొట్టుకుంటుండె. బిగిస్తనని ముందుకు పోయిండు. నేను మ్యాగజైన్ తీసి పిస్టల్ బల్ల మీద పెట్టిన. పెట్టంగనే పేలింది."

"మ్యాగజైన్ తీస్తే ఎట్ల పేలుతది?"

"లోపల ఒక తూటా ఉండిపోయింది. అది కూడ తీసి చూసుకోవాలె. చూసుకోలే." ఆమె కొరికిన గోరు వైపు చూసుకుంది. "ఆ తప్పు నాదే. కాని నా వేలు ట్రిగ్గర్ మీద లేదు. మా అమ్మ మీద ఒట్టు."

"ఒట్లు నాకు చెప్పకు. నా ఆఫీసుకొచ్చే ప్రతి లఫంగి అమ్మ మీదనే ఒట్టేస్తడు."

"ఆ దినం పిస్టలే మంచిగ లేదక్కా. ట్రిగ్గర్ కొత్త ముక్క ఏసినంక మొదట్ల బాగనే ఉండె. కొట్టంగ కొట్టంగ తేలికైపోతుండె. సార్‌కు చెప్పిన. కొత్తది గదా, సర్దుకుంటది అన్నడు."

నేను లేవబోతున్నదాన్ని మళ్ళీ కూర్చున్నాను.

"కొత్త ముక్కనా? ఏం ముక్క?"

పింకి చెప్పింది. ట్రిగ్గర్ నొక్కేదాకా లోపలి సుత్తిని ఆపి పట్టుకునే చిన్న కొక్కెం ఒకటుంటుంది. షూటర్లు దాన్ని సియర్ అంటారు. వేలి గోరంత ఉంటుంది. ఆమె పోటీ పిస్టల్‌లో అది విరిగింది. విదేశం నుంచి తెప్పించాలంటే సెలక్షన్లు దాటిపోతాయి. అందుకని శివానంద్ తనే లేత్ మీద ఉక్కుతో కొత్త ముక్క చేయించి, ప్రమాదం జరిగిన పొద్దున్నే బిగించాడు.

కొత్త ఉక్కు ఒక్క పూటలో అరిగి తేలికవుతుందా? నా పగకు ఈ ప్రశ్న అడ్డం పడింది. నాకు నచ్చలేదు, కానీ పడింది.

నేను నేరుగా రేంజ్‌లోకి నడిచాను. క్లబ్బు యజమాని గురునాథ్ తాళాల గుత్తి పట్టుకుని వెంట వచ్చాడు. పింకి నిలబడిన లేన్‌కు తాడు కట్టి ఉంది. బల్ల మీద నల్లటి రబ్బరు చాప. వంగి చూశాను. చాప ముందు అంచున బూడిదరంగు మసి చార, దాని కింద రబ్బరు కాస్త కమిలింది. చేత్తో పట్టుకుని ఎత్తి కొడితే మసి గాలిలో పోతుంది. చాపకు అంటుకుందంటే, పేలినప్పుడు పిస్టల్ చాప మీద పడుకుని ఉంది.

"ఏం చూస్తున్నవక్కా, గంధం పూసిన్రా?"

ఎస్సై జీవరాజ్. రెండేళ్ళ కిందట ఒక నగల కేసులో నేను దొంగను పట్టిస్తే, పేపర్లో ఫొటో వేయించుకున్న మహానుభావుడు. అప్పట్నుంచీ నన్ను చూస్తే ఆయనకు కడుపుమంట. నాకూ అంతే.

"మసి చూడు ఎస్సై సాబ్. పిల్ల చెప్పేది నిజం. పెట్టినంకనే పేలింది."

"అరే! మొన్న శవం ముంగట నా చొక్కా పట్టి, ఆ పిల్లను జైల్లో ఎయ్యకుంటే నీ టోపీ తీపిస్త అన్నది ఎవరు? నీ కంప్లయింటు మీదనే కేసు రాసిన. ఇప్పుడు నువ్వే ఉల్టా తిరుగుతవా?"

"తిరుగుత. తప్పయితే తిరగనా? నీ లెక్క పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కూసోవాల్నా?"

గురునాథ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. జీవరాజ్ మొహం ఎర్రబడింది.

"పిస్టల్ విప్పు. నీ ఎదురుంగనే విప్పనియ్యి" అన్నాను. "రేపు పొద్దుగాల ల్యాబుకు పంపుతవు గదా. వాళ్ళు విప్పి చూసి, ముక్క చెడ్డదని రాస్తే, ఆడపిల్లను ఊరికే లోపలేసిన ఎస్సై అని ఈసారి కూడ పేపర్లో నీ ఫొటోనే వస్తది."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఇద్దరు కానిస్టేబుళ్ళను సాక్షులుగా నిలబెట్టి, ఫోనులో వీడియో తీయిస్తూ, సీలు తెరిపించాడు. గురునాథ్ తెల్ల రుమాలు పరిచి పిస్టల్ విప్పాడు. చివరికి పట్టకారుతో చిన్న నల్లటి కొక్కెం తీసి రుమాలు మీద పెట్టాడు.

దాని కొన గుండ్రంగా అరిగిపోయి ఉంది, చిన్న కుదుపుకే సుత్తి జారిపోయేంతగా.

"దొంగ ఉక్కు. లేత్‌వాడు మోసం చేసిండు" అన్నాడు జీవరాజ్. "ఐపాయె. వాణ్ణి కూడ లోపలేస్త."

గోడ దగ్గర ఇనుప రేకు మీద కాగితపు టార్గెట్లు అంటించడానికి వాడే గుండ్రటి అయస్కాంతం ఒకటి ఊడబీకి తెచ్చి, కొక్కెం పక్కన పెట్టాను. కదల్లేదు. ఆనించి లేపాను. అయస్కాంతం ఒక్కటే లేచింది. పక్కనున్న స్క్రూ ఎగిరొచ్చి అంటుకుంది గానీ కొక్కెం రుమాలు మీదే ఉంది.

"ఇది ఉక్కే కాదు" అన్నాడు గురునాథ్ నెమ్మదిగా.

కాదు. అదేమిటో నాకు చూడగానే తెలుసు. చిన్నప్పట్నుంచీ ఆ నలుపులోనే పెరిగినదాన్ని. మాది బిద్రీ పని చేసే ఇల్లు. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోసి, కోట మట్టిలో నవసాగరం కలిపి రుద్దితే తెల్లటి జింకు కాటుక నలుపుకు తిరుగుతుంది. తుపాకీ ఉక్కు నలుపులో నీలిఛాయ ఉంటుంది. దీనిలో లేదు. బల్ల పట్టుకున్నాను.

"గురునాథన్నా, ఇది ఎవరు బిగించిన్రు? సాఫ్ చెప్పు. నువ్వా?"

"నేను ముట్టలే చెల్లె. శివానంద్ ఇంటికాడి నుంచి అగ్గిపెట్టెల తెచ్చిండు. నా ముంగటనే తెరిచి బిగించిండు. పది పన్నెండు సార్లు ఖాళీ ట్రిగ్గర్ నొక్కి చూసిండు, పట్టింది. అగ్గిపెట్టెల ఇంకోటి ఉండాలె గదా అని తనే అనుకున్నడు. ఇంట్ల పడిపోయిందేమో అన్నడు."

"ఇంకోటా?"

"నమూనా."

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి వారం శివానంద్ మా కార్ఖానాలో కూర్చుని విరిగిన ముక్కలు అతికించి, మైనంలో అచ్చు తీసి, జింకులో చిన్నది పోత పోస్తుంటే, నేను "ఏందిరా, బొమ్మరిల్లు ఆడుతున్నవా" అని ఎకసెక్కాలాడాను. ముందు మెత్తటి లోహంలో నమూనా చేసి, అది చూపించి గట్టి లోహంలో చేయించడం మా ఇంటి పద్ధతి. ఆ నమూనాను హైదరాబాద్ తీసుకుపోయి లేత్ మీద ఉక్కుతో చేయించాడు.

జీవరాజ్ అందుకున్నాడు. "అయితే ఇంకేంది? నీ తమ్ముడే తొందరల నమూనా బిగించుకున్నడు. తన చావు తనే తెచ్చుకున్నడు. కేసు బంద్."

ఆ మాటకు నా ఒళ్ళు భగ్గుమంది. "నోరు మూస్కో! చచ్చినోని మీద తోస్తవా? జింకు నమూనా తెల్లగ ఉంటది, ఉక్కు నల్లగ ఉంటది. గుడ్డోనికి కూడ తేడా తెలుస్తది. వానికి తెల్వదా?"

"మరి ఇది నల్లగ ఉంది గదా."

"ఎవడో నల్లగ చేసిండు గనుకనే ఉంది! నమూనాకు ఎవరూ నలుపు పెట్టరు, అది అమ్మే సామాను కాదు. ఉక్కు లెక్క కనపడాలని పెట్టిన్రు. ఇది పొరపాటు కాదు ఎస్సై సాబ్, ఖూనీ."

శివానంద్ ఫోను జీవరాజ్ దగ్గరే ఉంది. అందులో లేత్ అతని నంబరు తీయించి స్పీకర్ పెట్టించాను. అవతల అతను తడుముకోకుండా చెప్పాడు: రెండు ముక్కలూ సార్ చేతిలోనే పెట్టిన. ఉక్కుది నల్లగ, నమూనా తెల్లగ, ఎట్ల తెచ్చిండో అట్లనే.

అంటే నలుపు ఆ తర్వాత పడింది. శివానంద్ బస్సు దిగి ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకుని, పొద్దున్నే క్లబ్బుకొచ్చాడు. ఆ మధ్యలో అగ్గిపెట్టె ఉన్నది ఒక్కచోటే.

గురునాథ్, జీవరాజ్ మాటల్లో ఉండగా నేను కొక్కెం చేతిలోకి తీసుకున్నాను. మేకు దూరే సన్నటి రంధ్రంలో ఎండిన మట్టి ఇరుక్కుని ఉంది. సూదితో గీరి నాలుక మీద వేసుకున్నాను. మా వాళ్ళు కోటలో మట్టి తెచ్చేముందు ఇలాగే చూస్తారు. ఎండా వానా తగలని గదుల్లో మట్టికే ఆ గుణం ఉంటుంది, ఒక్కో గదిది ఒక్కో రుచి. మొదట ఉప్పన, తర్వాత చలవ, చివర గొంతు దగ్గర వేపచేదు. మా నాన్న నాకు ఏడేళ్ళప్పుడు ఒక గది చూపించి, ఇది మన మట్టి, ఎవరికీ చెప్పకు అన్నాడు. ఆయన పోయాక ఆ గది తెలిసినవాళ్ళం ముగ్గురం. ఒకరు బూడిదయ్యారు. ఒకరు నేను.

కొక్కెం రుమాలు మీద పెట్టేశాను.

"ఏమైందక్కా? మొహం గట్లయిందేంది?" అన్నాడు జీవరాజ్.

"ఏం లేదు. నాలుగు దాకా ఆ పిల్లను ముట్టకు. అసలు ఉక్కు ముక్క ఎక్కడుంటే ఖూనీకోరు అక్కడుంటడు. నేను తెస్త."

"ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు, జర చూసుకో" అన్నాడు. ఏదో అనాలని అన్నాడు పాపం. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. అయస్కాంతం కొంగున ముడేసుకుని బయటపడ్డాను.

మామ కార్ఖానాలోనే ఉన్నాడు. కొలిమి మండుతోంది, మూసలో జింకు కరుగుతోంది. నన్ను చూడగానే లేచాడు.

"తిన్నవా బిడ్డా? జొన్న రొట్టె, పుండికూర పెట్టిచ్చిన. ఆ పిల్లను పట్కపోయిన్రా?"

మా నాన్న పోయినప్పుడు నాకు పదమూడు, శివానంద్‌కు అయిదు. అమ్మ తమ్ముడైన ఈ మనిషి మా ఇంటికొచ్చి, నాన్న ఉలి అందుకుని, మమ్మల్ని చదివించాడు. నా పెళ్ళి చెడి నేను తిరిగొస్తే ఒక్క మాట అనకుండా తలుపు తీశాడు. ఈ ముద్ద తినే నేను బతికాను. అదంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చినకొద్దీ కోపం తగ్గకపోగా పెరిగింది.

"లే మామా. ఇంకా పట్కపోలే."

మా ఇంట్లో రవ్వంత లోహం కూడా చెత్తలో పడదు. ఉలి పొట్టు, ఆకురాయి రజను, పోత కొసలు, వెండి తీగ ముక్కలు, అన్నీ ఒక కొయ్య పెట్టెలోకి పోతాయి. నిండాక మళ్ళీ కరిగిస్తారు. లోహం పారేస్తే లక్ష్మిని తన్నినట్టని నాన్న అనేవాడు. మామకు ఈ వయసులో ఆ అలవాటు పోదు. ఖూనీ చేసినా పోదు.

పెట్టె ముందు కూర్చుని, అయస్కాంతం తీసి, రజనులో దింపాను.

జింకు అంటదు. రాగి అంటదు. వెండి అంటదు. మెల్లగా ఈ మూల నుంచి ఆ మూలకు తిప్పాను. ఆకురాయి నూగు కొంచెం పట్టుకుంది. అంతే. ఒక్క క్షణం నా ప్రాణం లేచొచ్చింది. లేదు, లేదు, నేనే తప్పు, మామ కాదు! ఇంకొంచెం అడుక్కి దింపాను.

టక్కుమంది.

పైకి తీశాను. వేలి గోరంత కొక్కెం, నీలిఛాయ నలుపు, కొన కత్తిలా పదునుగా ఉంది. ఒక్క అరుగుదల లేదు.

వెనక పటకారు కిందపడ్డ చప్పుడైంది.

"మామా, ఇది ఎవల్ది?"

తిరిగి చూశాను. ఆయన చూపు నా చేతి మీదే ఉంది.

"చెప్పు! నా తమ్ముడు నిద్రపోతుంటే అగ్గిపెట్టె తెరిచింది ఎవలు? నమూనాకు మన మట్టి రుద్దింది ఎవలు?"

"వానికి కాదు బిడ్డా." ఆయన పెదాలు మాత్రమే కదిలాయి. "శివునికి కాదు. ఆ పిల్లకు. దాని చేతుల పేలాలె, చెయ్యి పోవాలె, మళ్ళ పిస్టల్ పట్టొద్దు అనుకున్న. నా సిద్దుగాడు పోయినంక అది మెడల్ ఏస్కోని పేపర్ల నవ్వుతుండె. ప్రతి దినం ఆ మొహం చూసుకుంట నేను ఎట్ల తినాలె? నా కొడుకు జాగల అది నిలబడ్డది!"

"నిలబెట్టింది శివుడు. తప్పు చేసింది సిద్దు."

"ఎరుకే!" అని అరిచాడు. "ఎరుకే బిడ్డా. అయినా నా కడుపు మండింది. చల్లారలే. మన శివుడు ముందుకు పోతడని నాకేమెరుక? పాలు పోసి పెంచిన చేత్తోనే..." మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"చితి కాడ నా భుజం పట్టి ఏమన్నవ్? దాన్ని ఇడిచిపెట్టకు అన్నవ్. నీ పాపం ఆ పిల్ల మెడకు నా చేత కట్టిస్తుంటివి!"

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఫోను తీశాను. అదే అదను. ఆయన లేచి, నా చేతిలోంచి ఉక్కు కొక్కెం లాక్కుని, రెండడుగుల్లో కొలిమి దగ్గరికి పోయి మూసలో పడేశాడు. కరిగిన జింకు మీద చిన్న గుంట పడి పూడుకుపోయింది. ఆయాసపడుతూ నా వైపు చూశాడు, ఇక ఏమీ లేదన్నట్టు.

నేను కదల్లేదు.

"జింకు కరిగే మంటకు ఉక్కు కరగదు మామా. ఆ మాట నాకు నేర్పింది నువ్వే."

ఆయన మూస వైపు చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. నలభై ఏళ్ళ అనుభవమున్న పనిమంతుడు, బెదిరి చిన్నపిల్లవాడి పని చేశాడు. గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు.

కింద పడ్డ పటకారు అందుకుని మూస ఎత్తి, ఇసుక మీద ఒంపాను. తెల్లటి లోహం పారింది. అడుగున మిగిలిన కొక్కెం చివరగా జారి ఇసుకలో పడింది. కరగలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఎస్సై సాబ్, ఆ పిల్లను ఇంటికి పంపు. జీపు మా ఇంటికి తే."

"దొరికిందా? ఎవలక్కా?"

మామ రొట్టె పళ్ళెం నా వైపు జరిపాడు. "జీపొచ్చేదాకా తిను బిడ్డా. పొద్దటి నుంచి తినలే" అన్నాడు.

"రా, వచ్చినంక చూస్తవు" అని ఫోను పెట్టేశాను. పళ్ళెం పక్కకు నెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని లేపాను. నా చేత్తో ఎక్కిస్తానన్నాను గదా.